ఆంగ్ల క్రియాకాలాల అవగాహన – తెలుగు తద్ధర్మార్థం: అహోబిల క్షేత్రవర్ణన ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్ల క్రియాకాలాలను తెలుగు విద్యార్థులకు బోధించేటప్పుడు పన్నెండు గళ్ల పట్టికను ఆధారంగా తీసుకోవడం చిరకాలంగా వస్తున్న పద్ధతి. రూపాలను గుర్తుంచుకోవడానికి ఆ పట్టిక ఉపకరిస్తుంది. అయితే ఏ సందర్భంలో ఏ రూపాన్ని ఎంచుకోవాలో అది చెప్పదు. తెలుగు వ్యాకరణంలోని తద్ధర్మార్థం, క్త్వార్థకం, ‘అట’, ‘అని’ ప్రయోగాలు, రాయలసీమ వ్యవహారంలోని ‘వచ్చినాడు – వచ్చిండాడు’ భేదం ఈ ఎంపికను వివరించడానికి ఎంతవరకు తోడ్పడతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉదాహరణలన్నీ అహోబిల క్షేత్రానికి సంబంధించినవి. పురాణం, చరిత్ర, ఏటేటి ఉత్సవం, ప్రత్యక్ష దృశ్యం అనే నాలుగు కాలస్థితులు ఒకేచోట కలిసే సందర్భం కావడంతో ఈ క్షేత్రవర్ణనను ఎంచుకోవడమైనది.

కీలకపదాలు: ఆంగ్ల వ్యాకరణం, క్రియాకాలం, తద్ధర్మార్థం, బాలవ్యాకరణం, రాయలసీమ మాండలికం, అహోబిలం, భాషాబోధన.

1. ప్రవేశిక

నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డకు సమీపాన, నల్లమల కొండల నడుమ వెలసిన అహోబిలం నవనారసింహ క్షేత్రంగా ప్రసిద్ధం. నూట ఎనిమిది వైష్ణవ దివ్యదేశాల్లో ఇదొకటి. తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రాన్ని తమిళ పాశురాల్లో కీర్తించాడు. 14వ శతాబ్దికి చెందిన ఎఱ్ఱాప్రగడ తన నృసింహపురాణానికి ఈ క్షేత్ర మహిమనే ఇతివృత్తంగా గ్రహించాడు. తమిళ, కన్నడ దేశాల నుంచి యాత్రికులు నిరంతరం వచ్చే ఈ స్థలంలో, తెలుగు తెలియని వారికి క్షేత్రవిశేషాలను ఆంగ్లంలో చెప్పవలసిన అవసరం స్థానిక యువతకు తరచుగా కలుగుతుంది.

అలా చెప్పబోయిన విద్యార్థికి పది వాక్యాల్లోనే ఆంగ్ల కాలాల చిక్కులు దాదాపు అన్నీ ఎదురవుతాయి. నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి సంహరించిన కథ పురాణకాలానికి చెందినది. శ్రీకృష్ణదేవరాయల సందర్శనం శాసనబద్ధమైన చరిత్ర. పారువేట ఏటేటా జరిగే ఉత్సవం. ఉగ్రస్తంభం, భవనాశి వాగు కళ్లముందు ఉన్నవి. ఈ నాలుగింటిని తెలుగులో చెప్పేటప్పుడు ఆ విద్యార్థి ఎక్కడా తడబడడు. ఆంగ్లంలోకి వచ్చేసరికి తడబడతాడు. ఆ తడబాటును అతని అజ్ఞానంగా లెక్కించడమే బోధనలో పరిపాటి అయింది. రెండు భాషలు కాలాన్ని వేర్వేరు చోట్ల విభజిస్తాయనీ, ఆ విభజనరేఖలను అతనికి చూపించకపోవడమే అసలు లోపమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. పన్నెండు గళ్ల పట్టిక – దాని పరిమితి

వర్తమాన, భూత, భవిష్యత్తులు మూడు, ఒక్కొక్కటి సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అని నాలుగు, వెరసి పన్నెండు. పాఠశాల వ్యాకరణాలు అనుసరించే విభాగం ఇది. ఈ పట్టికలో రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి. పని ఎప్పుడు జరిగిందన్నది కాలం. ఆ పనిని పూర్తయినదిగా చూస్తున్నామా, సాగుతున్నదిగా చూస్తున్నామా అన్నది క్రియావస్థ. బెర్నార్డ్ కామ్రీ 1976లో క్రియావస్థపైన, 1985లో కాలంపైన వేర్వేరు గ్రంథాలు వెలువరించి ఈ భేదాన్ని విశదం చేశాడు. రాండల్ఫ్ క్వెర్క్, ఆయన సహరచయితలు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణం ప్రకారం, ప్రత్యయరూపాన్ని బట్టి చూస్తే ఆంగ్లంలో ఉన్నవి రెండే కాలాలు: వర్తమానం, భూతం. భవిష్యత్తును ‘విల్’ వంటి సహాయక క్రియలతోనూ ఇతర మార్గాలతోనూ సూచిస్తారు.

ఆధునిక తెలుగులోనూ ఇలాంటి సంక్షేపమే కనిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ‘వస్తాడు’ వంటి రూపాన్ని భవిష్యత్తు, అలవాటు రెండింటినీ చెప్పే ఏకరూపంగా గుర్తించారు. ఆంగ్లంలో అలవాటుకు ఒక రూపం, భవిష్యత్తుకు మరొకటి. పట్టికలో ‘ఐ గో’ పక్కనా ‘ఐ విల్ గో’ పక్కనా ‘నేను వెళ్తాను’ అనే ఒకే తెలుగు వాక్యం రాసుకున్న విద్యార్థికి ఆ రెండింటి మధ్య తేడా తెలిసే మార్గం లేదు. ‘డైలీ ఐ విల్ గో టు టెంపుల్’ అనే వాక్యం అక్కడ పుడుతుంది. ‘రోజూ గుడికి వెళ్తాను’ అనే నిర్దుష్టమైన తెలుగు వాక్యమే ఆ దోషానికి మూలం.

3. తద్ధర్మార్థం – సింపుల్ ప్రెజెంట్

ఈ చిక్కును విడదీసే సాధనం తెలుగు వ్యాకరణ సంప్రదాయంలోనే ఉంది. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మం అనే నాలుగో విభాగాన్ని పరిగణించాడు. ‘వండుచున్నాఁడు’ వర్తమానం, ‘వండెను’ భూతం, ‘వండఁగలఁడు’ భవిష్యత్తు, ‘వండును’ తద్ధర్మం. ఒక వస్తువుకో వ్యక్తికో సహజమైన ధర్మాన్ని, అలవాటును, ఎప్పటికీ వర్తించే సత్యాన్ని చెప్పేది తద్ధర్మం. తచ్ఛీల, తద్ధర్మ శబ్దాలు పాణినీయ సంప్రదాయంలోనూ ఉన్నవే.

ఆంగ్లంలోని సింపుల్ ప్రెజెంట్‌కు ‘సామాన్య వర్తమానం’ అని అనువాదం చేయడం వాడుక. ఈ పేరు విద్యార్థిని పక్కదారి పట్టిస్తుంది. వర్తమానం అనగానే ఇప్పుడు జరుగుతున్న పని స్ఫురిస్తుంది. ఆ రూపం చాలా సందర్భాల్లో చెప్పేది తద్ధర్మాన్ని. భవనాశి వాగు ఉదాహరణ ఈ తేడాను స్పష్టం చేస్తుంది. ‘భవనాశి ఈ కొండల్లో పారుతుంది’ అన్నప్పుడు అది వాగు ధర్మం; ఆంగ్లంలో ‘ఫ్లోస్’. ‘భవనాశి ఇప్పుడు పారుతోంది’ అన్నప్పుడు అది ఈ క్షణపు వార్త; ఆంగ్లంలో ‘ఈజ్ ఫ్లోయింగ్’. ‘రేపు వాన పడితే భవనాశి పారుతుంది’ అన్నప్పుడు అది నిరీక్షణ. ఆంగ్లంలో ‘విల్ ఫ్లో’. వాననీటిపై ఆధారపడిన సీమ వాగుల విషయంలో ధర్మంగా పారడానికీ ఇప్పుడు పారడానికీ మధ్య భేదం ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆ భేదానికి ఆంగ్లం వేర్వేరు రూపాలు కేటాయించిందని మాత్రమే చెప్పవలసి ఉంటుంది.

పారువేట వర్ణనకూ ఇదే సూత్రం. సంక్రాంతి వేళ మొదలై దాదాపు నలభై రోజులపాటు స్వామి పల్లకి ముప్పైకి పైగా గ్రామాల్లో సంచరిస్తుంది. చెంచులక్ష్మిని పరిణయమాడిన నరసింహుడు తన కల్యాణోత్సవానికి రమ్మని ప్రజలను స్వయంగా ఆహ్వానిస్తాడని జనవిశ్వాసం. ‘బయలుదేరుతాడు’, ‘సంచరిస్తాడు’, ‘ఆహ్వానిస్తాడు’ అనే క్రియలన్నీ ఇక్కడ తద్ధర్మార్థకాలు. ఆంగ్లంలో వీటికి ‘విల్’ చేర్చితే, ఏటా జరిగే ఉత్సవం ఇకమీదట ఒకసారి జరగబోయే కార్యక్రమంగా మారిపోతుంది.

వ్యతిరేక రూపాల్లోనూ ఈ చిక్కు ఉంది. ‘రాడు’ అనే మాట ‘డజ్ నాట్ కమ్’, ‘విల్ నాట్ కమ్’ రెండింటికీ సరిపోతుంది. ‘ఆ ఊరికి పల్లకి రాదు’ అన్న వాక్యం ఆచారాన్ని చెబుతోందా, ఈ ఏటి సంగతి చెబుతోందా అన్నది సందర్భాన్ని బట్టి తెలుగువాడు గ్రహిస్తాడు. ఆంగ్లంలో ఆ నిర్ణయాన్ని క్రియారూపంలోనే వ్యక్తం చేయాలి.

ఈ సమస్య ఎదుటి వైపు నుంచి కూడా అనుభవంలోకి వచ్చినదే. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో ప్రకటించాడు. తెలుగు నేర్చుకునే ఆంగ్లేయులను దృష్టిలో ఉంచుకొన్న ఇలాంటి రచనల్లో తద్ధర్మ రూపాన్ని ఆంగ్ల విభాగాల్లో ఇమడ్చలేక, గ్రీకు వ్యాకరణం నుంచి ‘ఏరిస్ట్’ అనే పేరును అరువు తెచ్చుకోవడం కనిపిస్తుంది. తెలుగు నేర్చుకునే ఆంగ్లేయుని కోసం వ్యాకర్తలు అంత శ్రమపడ్డారు. ఆంగ్లం నేర్చుకునే తెలుగు విద్యార్థికి మాత్రం సొంత వ్యాకరణంలో ఉన్న పేరు కూడా వినిపించడం లేదు.

4. సాగుతున్న పని – ఉన్న స్థితి

‘ఉన్నాడు’ అనే క్రియ రూపాన్ని బట్టి భూతకాలికం; అర్థాన్ని బట్టి వర్తమానం. ‘ఉండేవాడు’ గతంలోని స్థితి. ‘ఉంటాడు’ అలవాటు లేదా భవిష్యత్తు. ‘మాలోల నరసింహుడు ఎగువ అహోబిలంలో ఉన్నాడు’ అన్న వాక్యానికి ఆంగ్లంలో ‘ఈజ్’ చాలు. ఈ ‘ఉన్నాడు’ ధాతువుకు చేరి ‘వస్తున్నాడు’ అయినప్పుడు ఆంగ్లంలోని కంటిన్యువస్‌తో పోలిక కుదురుతుంది. అయితే తెలుగు ఈ రూపాన్ని ఆంగ్లం కంటే విస్తృతంగా వాడుతుంది. ‘అర్థమవుతోంది’, ‘కనిపిస్తోంది’, ‘వినిపిస్తోంది’ అన్నవి సహజమైన తెలుగు. ఆంగ్లంలో ‘అండర్‌స్టాండ్’, ‘సీ’, ‘హియర్’ వంటివి సాధారణంగా స్థితిని చెప్పే క్రియలు కావడంతో వాటికి ‘ఇంగ్’ రూపం మామూలుగా పొసగదు. ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అనే వాక్యంలో వినిపించేది ‘నాకు అర్థమవుతోంది’ అనే తెలుగు వాక్యమే.

‘పదేళ్లుగా అహోబిలంలో ఉంటున్నాను’ అన్న వాక్యం మరో ఉదాహరణ. తెలుగులో ‘పదేళ్లుగా’ అన్న మాటే గతాన్ని వర్తమానంతో ముడివేస్తుంది, క్రియ మారనక్కరలేదు. ఆంగ్లంలో ఆ ముడి క్రియలోనే పడాలి: ‘హ్యావ్ బీన్ లివింగ్’. దాని పక్కన వ్యవధిని చెప్పడానికి ‘ఫర్’, ఆరంభాన్ని చెప్పడానికి ‘సిన్స్’ వస్తాయి. ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అన్న వాక్యంలో క్రియ, విభక్త్యర్థకం రెండూ తెలుగు కట్టడినే అనుసరించాయి.

5. వచ్చినాడు – వచ్చిండాడు

తెలుగువారికి అత్యంత కష్టమైనది ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని బోధకుల సాధారణాభిప్రాయం. ప్రామాణిక వ్యవహారంలో ‘వచ్చాడు’ అనే ఒక్క రూపం ‘కేమ్’, ‘హ్యాజ్ కమ్’ రెండింటికీ సరిపోవడమే దీనికి కారణం. ‘రాలేదు’ కూడా ‘డిడ్ నాట్ కమ్’, ‘హ్యాజ్ నాట్ కమ్’ రెండూ అవుతుంది. ‘నిన్న రాలేదు’, ‘ఇంకా రాలేదు’ అన్న వాక్యాల్లో భేదమంతా ‘నిన్న’, ‘ఇంకా’ అనే మాటలపై నిలిచింది.

రాయలసీమ వ్యవహారంలో ఈ భేదం క్రియలోనే వినిపిస్తుంది. ‘సోమవారం స్వామి మా ఊరికి వచ్చినాడు’ అన్నది జరిగిపోయిన సంఘటన. ‘స్వామి మా ఊరికి వచ్చిండాడు’ అన్నది వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడన్న స్థితి. మొదటిది ‘కేమ్’, రెండోది ‘హ్యాజ్ కమ్’. ‘నువ్వెప్పుడన్నా అహోబిలం చూసిండావా?’ అన్న ప్రశ్న అనుభవాన్ని గురించి అడుగుతుంది. ఆంగ్లంలో దానికి సరిజోడు ‘హ్యావ్ యూ ఎవర్ సీన్’. ‘వచ్చి’ అనే క్త్వార్థకానికి ‘ఉండాడు’ చేరగా ఏర్పడిన ఈ రూపానికి పొరుగు భాషల్లో తమిళంలోని ‘వందిరుక్కిఱాన్’, కన్నడంలోని ‘బందిద్దానె’ చుట్టాలు. తెలంగాణ వ్యవహారంలోని ‘వచ్చిండు’ దీనికి వినికిడిలో దగ్గరైనా, అది సామాన్య భూతకాలం. రెండింటినీ ఒకటిగా భావించకూడదు.

ఇక్కడే బోధనపై ఒక తీవ్రమైన విమర్శ తప్పదు. ‘వచ్చిండాడు’ అన్న పిల్లవాణ్ణి ‘వచ్చాడు’ అనమని తెలుగు తరగతిలో దిద్దుతారు. తర్వాత ఆంగ్ల తరగతిలో ‘కేమ్’, ‘హ్యాజ్ కమ్’ మధ్య భేదం తెలియదని మందలిస్తారు. అతని నోట ఉన్న భేదాన్ని ఒక గదిలో చెరిపి, మరో గదిలో అదే భేదాన్ని కొత్తగా నేర్పే ప్రయత్నం ఇది. మాండలికాన్ని పరిహరించవలసిన దోషంగా చూడటం వల్ల ఆంగ్ల బోధనకే నష్టం కలుగుతోంది.

పోలిక సంపూర్ణమని భావించనక్కరలేదు. ఆంగ్లంలో ‘యెస్టర్‌డే’ వంటి ముగిసిన కాలాన్ని చెప్పే మాట పక్కన ప్రెజెంట్ పర్ఫెక్ట్ పొసగదు. తెలుగు రూపానికి అంతటి కట్టుబాటు లేదు. ఫలితం కళ్లముందు ఉంటే చాలు. కాబట్టి ‘వచ్చిండాడు’ను ఆరంభ సోపానంగా తీసుకొని, ఈ నిషేధాన్ని విడిగా నేర్పాలి.

6. పురాణకథనం – క్త్వార్థకం, ‘అట’

నరసింహుడు స్తంభాన్ని చీల్చుకొని వెలువడి, హిరణ్యకశిపుణ్ణి పట్టుకొని, ఒడిలో ఉంచుకొని, గోళ్లతో చీల్చి సంహరించాడు. ఈ వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే. మిగిలినవన్నీ క్త్వార్థకాలు, పనుల క్రమాన్ని అవే చెబుతాయి. ఆంగ్ల కథనంలో ఈ పనులను సాధారణంగా వరుసగా సింపుల్ పాస్ట్‌లో చెబుతారు. వాక్యాల వరుసే సంఘటనల వరుస. ‘ముందు జరిగిన పనికి పాస్ట్ పర్ఫెక్ట్’ అనే అసంపూర్ణ సూత్రాన్ని నేర్చిన విద్యార్థి ప్రతి క్త్వార్థకానికీ ‘హ్యాడ్’ తగిలిస్తాడు.

హాన్స్ రైషెన్‌బాఖ్ 1947లో ప్రతిపాదించిన మూడు బిందువుల విశ్లేషణ ఇక్కడ ఉపకరిస్తుంది. మాట్లాడే క్షణం, సంఘటన జరిగిన క్షణం, ఆ సంఘటనను ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ క్షణం అనేవి మూడు. గతంలో ఒకచోట నిలబడి అంతకుముందటి గతాన్ని చూసినప్పుడే పాస్ట్ పర్ఫెక్ట్‌కు అవకాశం. ‘నరసింహుడు వెలువడే నాటికే హిరణ్యకశిపుడు కుమారుణ్ణి అనేక విధాల హింసించాడు’ అన్న వాక్యంలో చూపు వెనక్కు మళ్లింది. అందువల్ల ఆంగ్లంలో ‘హ్యాడ్ టార్చర్డ్’ అవుతుంది. కథ ముందుకు నడిచే చోట ‘హ్యాడ్’ అనవసరం.

కథ చెప్పేవాడు దానికి సాక్షి కాడు. తెలుగు ఈ సంగతిని ‘అట’తో సూచిస్తుంది: ‘ఇక్కడే సంహరించాడట’. సంస్కృతంలో వక్త చూడని గతానికి పరోక్షభూతమైన లిట్ ఉంది. ఆంగ్ల క్రియకు ఇలాంటి ప్రత్యయం లేదు. ‘ఈజ్ సెడ్ టు హ్యావ్ కిల్డ్’ అనే నిర్మాణం ఆ పని చేస్తుంది. ‘ఈజ్ సెడ్’ నేటి జనశ్రుతిని, ‘టు హ్యావ్ కిల్డ్’ నాటి సంఘటనను చెబుతాయి. ‘టు కిల్’ అని రాస్తే రెండు కాలాల మధ్య దూరం చెరిగిపోతుంది. ఇందుకు భిన్నంగా, శ్రీకృష్ణదేవరాయలు అహోబిలాన్ని సందర్శించి కానుకలు సమర్పించడానికి శాసనాధారం ఉంది. అక్కడ ‘విజిటెడ్’ అనే సింపుల్ పాస్ట్ నిస్సంకోచంగా వాడవచ్చు. ఆ కాలం ముగిసిపోయింది కనుక ‘హ్యాజ్ విజిటెడ్’ కుదరదు. జనశ్రుతికీ చరిత్రకూ మధ్య గీత గీసే బాధ్యత ఈ విధంగా క్రియారూప ఎంపికపై పడుతుంది.

7. ప్రహ్లాదుని మాట – ‘అని’

‘హరి అంతటా ఉన్నాడని ప్రహ్లాదుడు చెప్పాడు.’ తెలుగులో ‘అని’ ముందున్న వాక్యం వక్త పలికినప్పటి కాలాన్నే నిలుపుకుంటుంది. ఆంగ్లంలో ప్రధాన క్రియ భూతకాలికమైతే లోపలి క్రియ కూడా వెనక్కు జరగడం సామాన్య నియమం: ‘ప్రహ్లాద సెడ్ దట్ హరి వాజ్ ఎవ్రీవేర్’. నిత్యసత్యాలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. ‘ఈజ్ ఎవ్రీవేర్’ అని కూడా చెప్పవచ్చు. మొదటి వాక్యం ప్రహ్లాదుని మాటను నివేదించి ఊరుకుంటుంది. రెండో వాక్యంలో, ఆ మాట నేటికీ సత్యమేనన్న చెప్పేవాని అంగీకారం కూడా ధ్వనిస్తుంది. ఉగ్రస్తంభాన్ని చూపుతూ మాట్లాడే భక్తుడు ‘ఈజ్’ అనవచ్చు. కథాసారాంశం రాసే విద్యార్థి ‘వాజ్’ అనవచ్చు. రెండూ సాధువులే. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని గీత గీసే పరీక్షావిధానం ఇలాంటి అర్థభేదాన్ని విద్యార్థి దృష్టికి రానివ్వదు.

స్తంభంలో ఉన్నాడా అని హిరణ్యకశిపుడు అడిగిన ప్రశ్నకు ఈ వెసులుబాటు లేదు. అది ఆ క్షణానికి సంబంధించిన సందేహం. అందువల్ల ‘ఆస్క్‌డ్ వెదర్ హరి వాజ్ ఇన్ ద పిల్లర్’ అనే చెప్పాలి.

8. బోధనకు సూచనలు

పట్టికను పూర్తిగా తొలగించవలసిన పని లేదు. అది రూపాల జాబితా అని స్పష్టంగా చెప్పి, ఎంపికకు విద్యార్థి తనను తాను తెలుగులోనే వేసుకోదగిన ప్రశ్నలను ముందుగా నేర్పాలి. ఇది ధర్మమా, ఇప్పటి వార్తా, రేపటి మాటా? జరిగిపోయిన సంఘటనా, దాని ఫలితంగా నేడున్న స్థితా? కథ ముందుకు నడుస్తోందా, వెనక్కు చూస్తోందా? ఇది చూసినదా, విన్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగల శక్తి తెలుగు మాట్లాడే ప్రతి పిల్లవాడికీ ఉంది. తన ఊరి ఉత్సవాన్నో, వాగునో, గుడినో వర్ణిస్తూ ఒకే వృత్తాంతాన్ని ముందు ఇంటి మాటలో, తర్వాత ఆంగ్లంలో రాయించడం ఇందుకు తగిన అభ్యాసం. ఆంగ్ల బోధకుడు, తెలుగు బోధకుడు కలిసి ఈ పాఠాన్ని రూపొందిస్తే ‘వచ్చిండాడు’ను ఒకరు చెరిపి మరొకరు వెదికే పరిస్థితి రాదు.

9. ముగింపు

ఆంగ్ల క్రియాకాలాల్లో తెలుగు విద్యార్థి చేసే దోషాల్లో అధికభాగం క్రమబద్ధమైనవనీ, వాటి వెనుక నిర్దుష్టమైన తెలుగు వాక్యాలు ఉన్నాయనీ పై పరిశీలన వల్ల తెలుస్తుంది. సింపుల్ ప్రెజెంట్‌ను వివరించడానికి వర్తమానం కంటే తద్ధర్మం తగిన సంజ్ఞ. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు రాయలసీమ వ్యవహారంలో సమీపరూపం ఉంది. దాని పరిధిని గుర్తించి బోధనలో వినియోగించుకోవాలి. పాస్ట్ పర్ఫెక్ట్‌ను క్త్వార్థకానికి అనువాదంగా చూపకూడదు. ‘అట’, ‘అని’ ప్రయోగాలు ఆంగ్లంలో వేర్వేరు నిర్మాణాలను కోరుతాయి. చిన్నయసూరి తద్ధర్మానికి పేరు పెట్టి నూట అరవై ఏళ్లు దాటింది. ఆ పేరు ఆంగ్ల వ్యాకరణ తరగతిలోకి ప్రవేశిస్తే, పారువేట పల్లకి ఏటా తన ఊరికి వస్తుందని చెప్పదలచిన విద్యార్థి ‘విల్ కమ్’ దగ్గర ఆగిపోకుండా ‘కమ్స్’ అనగలుగుతాడు.